తక్కెడ ఒకటి కాదు

చాలా రోజులుగా వ్రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన టపా ఇది. ఆటల గురించి వ్రాసేంత ఆటగాణ్ణి కాను నేను. బడిలో చదివే రోజుల్లో వాలీబాల్ కోర్టుకు సున్నపు గీతలు వేయడం, ముళ్ళకంపలో పడిన బంతిని తెచ్చి ఇవ్వడం, అంతవరకే నా ప్రతిభ. అయినా చరిత్ర చదివే అలవాటున్నవాడికి ఏ విషయమైనా తిరిగి తిరిగి చరిత్ర దగ్గరికే వస్తుంది కనుక ఈ సాహసం.

మాది ఆత్మకూరు. 2022 దాకా కర్నూలు జిల్లా, ఆ తరువాత నంద్యాల జిల్లా. శివరాత్రికీ ఉగాదికీ శ్రీశైలానికి కాలినడకన పోయే భక్తులు మా ఊరు దాటి వెంకటాపురం, నాగలూటి మీదుగా నల్లమల ఎక్కుతారు. సాయంకాలం ఎండ తగ్గగానే బడి మైదానంలో వాలీబాల్ మొదలవుతుంది. పోయిన వేసవిలో వెళ్ళినప్పుడు ఆ మైదానం అంచున ఉన్న టీ అంగడి దగ్గర ఒక వాదం విన్నాను. వాదానికి కారణం మా అన్న కొడుకు. డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. కళాశాల జట్టులో బాగా ఆడుతున్నాడని పేరు. హైదరాబాదులో ఒక క్లబ్బు వాళ్ళు "చదువు తరువాత చూసుకోవచ్చు, వచ్చి మాతో ఆడు, నెలకింత ఇస్తాం" అన్నారట.

"కాలేజీ పిల్లోళ్ళ మీద ఇరవై పాయింట్లు కొడితే ఏమొచ్చె? పెద్దోళ్ళ మీద పది కొట్టమను, అప్పుడొప్పుకుంటా" అన్నాడొక పెద్దాయన.

"ఆ పెద్దోళ్ళ జట్టులో వీణ్ణి బెంచీ మీద కూచోబెడితే ఇంక చూసేదెవురు?" అన్నాడు ఇంకొకాయన.

ఇద్దరి మాటలోనూ న్యాయముంది. ఈ ఇద్దరూ ఎరుగని సంగతి ఏమిటంటే, సరిగ్గా ఇదే వాదాన్ని అమెరికా బాస్కెట్‌బాల్ లోకం అర్ధశతాబ్దికి పైగా కోట్ల డాలర్లు పణంగా పెట్టి వాదించుకుంటున్నది. మన హైదరాబాదు కూడా ఒకప్పుడు ఫుట్‌బాల్‌లో, క్రికెట్‌లో దీనికి తనదైన సమాధానం చెప్పింది. ఆ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడాలని నా కోరిక.

ముందు అమెరికా సంగతి. అక్కడి ఎన్.బి.ఎ. అనే పెద్ద లీగులో ఏ కుర్రవాడు ఏ జట్టుకు పోవాలో తేల్చే పద్ధతిని డ్రాఫ్టు అంటారు. 1947లో మొదలైంది. గత సంవత్సరం బాగా ఓడిన జట్లకు ముందుగా ఎన్నుకునే అవకాశం ఉంటుంది, గెలిచిన జట్ల వంతు చివర వస్తుంది. మొదటి రెండు దశాబ్దాలూ ఎన్నుకోవలసిన వాళ్ళందరూ దాదాపుగా కళాశాలల నుంచే వచ్చేవారు. ఉన్నత పాఠశాల చదువు ముగిసి నాలుగేళ్ళు గడిస్తే తప్ప ఎవరినీ తీసుకోకూడదని నియమం. దీనివల్ల లీగుకు ఒక పెద్ద సౌకర్యం కలిగింది. కుర్రవాళ్ళను పెంచి, తర్ఫీదు ఇచ్చి, వేల మంది ముందు నాలుగేళ్ళు పరీక్షించే ఖర్చంతా కళాశాలలది. ఫలం మాత్రం లీగుది. ఆడిన కుర్రవాడికి చదువు ఉచితం, అంతకు మించి ఒక్క డాలరు కూడా ముట్టకూడదు.

ఈ ఏర్పాటును మొదట బద్దలుకొట్టినవాడు స్పెన్సర్ హేవుడ్. మిసిసిపీ రాష్ట్రంలో ప్రత్తి చేలల్లో పని చేస్తూ పెరిగినవాడు. ప్రత్తి తీత కూలి అంటే ఏమిటో మన సీమ పాఠకులకు నేను వివరించనక్కరలేదు. 1968 ఒలింపిక్స్‌లో అమెరికాకు స్వర్ణం తెచ్చిన జట్టులో ఉన్నాడు. అయినా నాలుగేళ్ళు నిండలేదు కనుక ఎన్.బి.ఎ.లో ఆడరాదన్నారు. ఇంటి పేదరికం నాలుగేళ్ళు ఆగదు గదా! 1970లో సియాటిల్ జట్టు అతణ్ణి తీసుకుంటే వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. 1971లో కోర్టు హేవుడ్ పక్షాన నిలిచింది. ఆ తరువాత "ఇంటి ఇబ్బంది" ఋజువు చేసుకున్నవారు ముందుగా రావచ్చునన్నారు. 1976 నాటికి ఆ ఋజువు కూడా అవసరం లేకపోయింది.

అక్కడినుంచి పిల్లలు బడి నుంచే నేరుగా రావడం మొదలైంది. 1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబీ బ్రయంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్. ఈ మూడు పేర్లే అందరికీ గుర్తు. బడి నుంచి నేరుగా వచ్చి మొదటి స్థానంలో ఎన్నికైన తొలి ఆటగాడు మాత్రం వీరెవరూ కారు, 2001లో క్వామీ బ్రౌన్. అతడు ఆ స్థానానికి తగినంతగా రాణించలేదు. 2005 ఒప్పందంలో లీగు మళ్ళీ గేటు వేసింది. డ్రాఫ్టు జరిగే సంవత్సరానికి పందొమ్మిదేళ్ళు నిండాలి, బడి ముగిసి ఒక సంవత్సరం గడవాలి. ఆ ఒక్క సంవత్సరం ఎక్కడ గడపాలి? చాలామందికి కళాశాలే గతి. 2008లో బ్రాండన్ జెన్నింగ్స్ అనే కుర్రవాడు మాత్రం రోమ్ నగరానికి పోయి అక్కడి జట్టులో జీతానికి ఆడి, 2009 డ్రాఫ్టులో పదవవాడుగా ఎన్నికయ్యాడు.

లీగు తన సొంత శిక్షణ లీగును 2001లోనే ప్రారంభించింది. ఇప్పుడు దాన్ని జి లీగు అంటారు. 2020లో అందులో "ఇగ్నైట్" అని ఒక ప్రత్యేక జట్టును పెట్టారు. బడి ముగించిన మేటి కుర్రవాళ్ళకు జీతమిచ్చి, కొందరు అనుభవజ్ఞులను తోడిచ్చి, వయోజనుల మీద ఆడించడం దాని ఉద్దేశం. మన పంజాబుకు చెందిన ప్రిన్స్‌పాల్ సింగ్ కూడా మొదటి సంవత్సరం ఆ జట్టులో ఉన్నాడు.

అప్పటినుంచి డ్రాఫ్టు రోజున జట్ల యజమానుల ముందు మా టీ అంగడి వాదమే నిలబడింది. 2021లో మొదటి స్థానంలో ఓక్లహోమా స్టేట్ కళాశాల విద్యార్థి కేడ్ కనింగ్‌హాం, రెండవ స్థానంలో ఇగ్నైట్ కుర్రవాడు జేలెన్ గ్రీన్, మూడవ స్థానంలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి ఎవాన్ మోబ్లీ. 2023లో రెండవ ఎంపిక షార్లట్‌ది. అలబామా కళాశాల నుంచి వచ్చిన బ్రాండన్ మిల్లరా, ఇగ్నైట్‌లో రెండేళ్ళు ఆడిన స్కూట్ హెండర్సనా అని నెలల తరబడి చర్చ జరిగింది. షార్లట్ మిల్లర్‌ను తీసుకుంది, మూడవ ఎంపికగా పోర్ట్‌లాండ్ హెండర్సన్‌ను తీసుకుంది.

మరి ఎట్లా పోల్చారు? అంకెలు చూడలేదా అంటారేమో. చూశారు. చిక్కంతా అక్కడే ఉంది. కళాశాల ఆట నలభై నిమిషాలు, జి లీగు ఆట నలభై ఎనిమిది నిమిషాలు. కళాశాలలో బంతి చేతికొచ్చిన ముప్ఫై సెకన్లలోగా వేయాలి, జి లీగులో ఇరవై నాలుగు సెకన్లలోగా. కాబట్టి జి లీగులో ఆట వేగం ఎక్కువ, అవకాశాలూ ఎక్కువ. ఒక చిన్న లెక్క చూడండి, అంకెలు ఊహించినవే. కళాశాలలో ఒకడు 32 నిమిషాలు ఆడి 15 పాయింట్లు చేశాడు. నలభై నిమిషాల్లో ఒక్కో జట్టుకు 68 సార్లు బంతి దక్కే ఆట అది. అంటే వాడు కోర్టులో ఉండగా వాడి జట్టుకు దక్కినవి సుమారు 54. జి లీగులో మరొకడు అదే 32 నిమిషాల్లో 18 చేశాడు. కానీ అక్కడ నలభై ఎనిమిది నిమిషాల్లో నూరుసార్లు బంతి దక్కుతుంది. వాడు ఉన్నంతసేపట్లో సుమారు 67. నూటికి లెక్కవేస్తే మొదటివాడిది ఇరవై ఏడున్నర, రెండవవాడిది ఇరవై ఏడు. పత్రికలో 18 పెద్దదిగా కనబడుతుంది. తూకంలో 15 ఒక పిసరు బరువు.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే పొరబాటు. ఆ 15 ఎవరి మీద చేశాడు? తనలాంటి పందొమ్మిది ఇరవై ఏళ్ళవాళ్ళ మీద. ఈ 18 ఎవరి మీద? ఇరవై ఐదేళ్ళు నిండి, పెళ్ళాంబిడ్డలున్న, పెద్ద లీగులో ఒక్క చోటు కోసం ప్రాణం పెట్టి ఆడే మగవాళ్ళ మీద. మూడు పాయింట్ల గీత కళాశాలలో 22 అడుగుల పై చిల్లర, పెద్ద లీగులోనూ జి లీగులోనూ 23 అడుగుల 9 అంగుళాలు. కనుక దూరపు గురి విషయంలో జి లీగు అంకెకు విలువ ఎక్కువ. మరోవైపు, జి లీగులో 2019 నుంచి ఒక వింత నియమం ఉంది. తప్పిదానికి రెండు మూడు ఫ్రీత్రోలు ఇచ్చే చోట ఒక్కటే వేయించి, పడితే మొత్తం పాయింట్లు ఇస్తారు. ఆట చివరి రెండు నిమిషాలకు మాత్రం ఇది వర్తించదు. ఆట త్వరగా సాగడానికి పెట్టిన నియమమే, కానీ దానివల్ల కుర్రవాడు వేసే ఫ్రీత్రోల సంఖ్య తగ్గిపోతుంది. ఫ్రీత్రో శాతం ఆటగాడి గురికి మంచి సూచిక అని అనుభవజ్ఞులు నమ్ముతారు. ఆ సూచికను కొలవడానికి కళాశాలే మెరుగైన చోటన్నమాట.

ఇంకొక మాట. కళాశాల జట్టు గెలవడం కోసం ఆడుతుంది. ఊరు, పూర్వవిద్యార్థులు, పరువు, అన్నీ దాని వెనుక ఉంటాయి. ఇగ్నైట్‌కు ఊరు లేదు. కుర్రవాళ్ళను చూపడానికే పుట్టిన జట్టు అది, చివరి సంవత్సరంలో దాదాపు ప్రతి ఆటా ఓడింది. ఓటమి అలవాటైన చోట ఒకడు చేసిన పాయింట్లకు ఎంత బరువు ఇవ్వాలి?

ఫలితాలు ఏ పక్షానికీ పూర్తిగా మొగ్గలేదు. కళాశాల దారిలో వచ్చిన మోబ్లీ 2024-25లో లీగులోనే ఉత్తమ రక్షణ ఆటగాడిగా ఎంపికయ్యాడు. ఇగ్నైట్ నుంచి 2022లో ఎనిమిదవ స్థానంలో వచ్చిన డైసన్ డేనియల్స్‌కు అదే సంవత్సరం అందరికంటె మెరుగుపడిన ఆటగాడి బహుమతి దక్కింది. చివరకు వాదాన్ని తేల్చింది ఆట కాదు, డబ్బు. 2021 జులై నుంచి కళాశాల ఆటగాళ్ళు తమ పేరు మీద, బొమ్మ మీద సంపాదించుకోవచ్చునన్నారు. కళాశాలలోనే అంతకు మించిన సొమ్ము దొరుకుతుంటే ఇగ్నైట్‌కు పోయేవారెవరు? 2023-24తో ఆ జట్టును మూసివేశారు.

*

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మన దగ్గర డ్రాఫ్టు లేదు, కానీ రెండు బాటలూ ఉన్నాయి. క్రికెట్‌లో విశ్వవిద్యాలయాల మధ్య రోహింటన్ బారియా పోటీ 1935-36లో మొదలైంది. అంతకు ముందే, 1930-31లో, హైదరాబాదులో మొయినుద్దౌలా బంగారు కప్పు పోటీ మొదలైంది. దేశంలోని మేటి ఆటగాళ్ళు సంస్థానాధీశుల ఆహ్వానం మీద, ఆ తరువాతి కాలంలో బ్యాంకుల, కంపెనీల జట్ల తరఫున వచ్చి ఆడినది అక్కడే. ఒకటి విద్యార్థుల కొలత, మరొకటి పండినవాళ్ళ కొలత.

విద్యార్థి బాట ఎంత బలమైనదో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 1948లో వెస్టిండీస్ జట్టు వచ్చినప్పుడు విశ్వవిద్యాలయాల ఉమ్మడి జట్టు తరఫున పాలీ ఉమ్రీగర్ అజేయంగా 115 పరుగులు చేశాడు. కొద్ది వారాలకే అతడు టెస్టు ఆటగాడు. రెండవది మన హైదరాబాదు అబ్బాస్ అలీ బేగ్. 1959లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్నాడు. ఇంగ్లండు పర్యటనలో ఉన్న భారత జట్టులో గాయాలవల్ల లోటు ఏర్పడితే విశ్వవిద్యాలయం నుంచి పిలిపించారు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో తొలి టెస్టులోనే 112 పరుగులు! అయితే ఈ కథకు రెండవ సగమూ ఉంది. అంత వెలుగుతో మొదలైనవాడు మొత్తం ఆడినవి పది టెస్టులే.

ఇక్కడ మూడవ బాట ఒకటి చెప్పకపోతే చరిత్రకు అన్యాయం. విశ్వవిద్యాలయాల మండలాల మధ్య జరిగే పోటీకి విజ్జీ ట్రోఫీ అని పేరు. ఆ విజ్జీ మన విజయనగరం మహారాజకుమారుడే. 1936లో ఇంగ్లండులో భారత జట్టుకు నాయకత్వం వహించి, మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశాడు. కళాశాలా కాదు, లీగూ కాదు, పలుకుబడి బాట. ప్రతిభగల విద్యార్థులను గుర్తించే పోటీకి ఆయన పేరుండడం చరిత్ర చేసే చిన్న చిలిపితనం.

ఫుట్‌బాల్ కథ వేరు. కళాశాల మెట్లు ఎక్కలేని పిల్లల కథ అది. ఆ కథకు నాయకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా పనిచేసి, 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడైన మనిషి. 1950లో ఆ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. రహీం శిక్షణలోనే భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. ఆ మెల్బోర్న్ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాదువాళ్ళు పలువురు.

పోలీసు జట్టంటే ఏమిటి? ఆటగాడికి కొలువు ఇచ్చి, ఆ కొలువు పేర ఆడించే ఏర్పాటు. కళాశాలలో కుర్రవాడికి 2025 దాకా చదువిచ్చి జీతం ఇచ్చేవారు కారు. ఇగ్నైట్‌లో జీతమిచ్చి ఊరు ఇవ్వలేదు. మన శాఖల జట్లు ఇచ్చినది తక్కువ జీతమే, కానీ అది ఆట మానినా మిగిలే జీతం. పోలీసు, రైల్వే, బ్యాంకు, ఇవే మన శిక్షణ లీగులు.

తులసీదాస్ బలరాం బాట చూడండి. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడ అతని ఊరు. స్థానిక జట్లలో ఆడుతుండగా రహీం కంట పడ్డాడు. 1956లో, ఇరవై ఏళ్ళ ప్రాయంలో, ఒలింపిక్స్‌కు పోయాడు. ఏ కళాశాల పట్టికలోనూ ముందు వరుసలో ఉన్న పేరు కాదది. కళాశాల పట్టికే చూసుకుంటూ కూర్చున్న పెద్దమనిషి అయితే అతణ్ణి ఎన్నడూ చూసి ఉండేవాడు కాడు. ఆ తరువాత కలకత్తా ఈస్ట్ బెంగాల్‌లో వెలిగి, 1963లో ఆరోగ్యం దెబ్బతిని ఆట నుంచి తప్పుకోవలసివచ్చింది. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. ఆట మానిన తరువాత బ్రతికిన అరవై ఏళ్ళు ఆడిన ఏళ్ళకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. ఆటగాళ్ళను పోల్చే పట్టికల్లో ఈ అంకెకు గడి ఉండదు.

రహీం ఎట్లా పోల్చాడు? ఆయన దగ్గర కంప్యూటరు లేదు. కుర్రవాళ్ళకు బలహీనమైన కాలితోనే ఆడాలని నియమం పెట్టి పోటీలు నడిపేవాడు. ఒక్క తాకుడుతో బంతిని పంపాలని నియమం పెట్టేవాడు. ఇది నాకు చాలా గొప్ప ఆలోచనగా తోస్తుంది. వేర్వేరు మైదానాల్లో వచ్చిన అంకెలను సరిచేసి పోల్చడానికి బదులు, అందరినీ ఒకే ఇబ్బందిలో పెట్టి చూడడం. మంచి బూట్లు, మంచి తిండి, బలమైన జట్టు ఇచ్చే ఆధిక్యమంతా ఎడమ కాలి దగ్గర సమానమైపోతుంది. ఆయన బడిపంతులు కావడం వల్లనే ఈ పరీక్ష తోచిందేమోనని నా అనుమానం. రెండు బాటలనూ కలిపిన మనిషి 1963 జూన్‌లో పోయాడు. ఆ తరువాత హైదరాబాదు ఫుట్‌బాల్ ఆ ఎత్తును మళ్ళీ అందుకోలేదు.

ఇటీవలి సంగతులు రెండు చెప్పి ముగిస్తాను. 2008లో ఐ.పి.ఎల్. మొదలైనప్పుడు పందొమ్మిదేళ్ళ లోపు ప్రపంచకప్పు గెలిచిన కుర్రవాళ్ళను నిజంగానే డ్రాఫ్టు పద్ధతిలో పంచారు. ముందు వంతు ఢిల్లీది. వాళ్ళు తమ ఊరి విరాట్ కోహ్లీని వదలి ప్రదీప్ సాంగ్వాన్ అనే బౌలరును ఎన్నుకున్నారు. కోహ్లీ బెంగుళూరుకు పోయాడు. బ్యాటర్లు తమ దగ్గర చాలినంతమంది ఉన్నారని ఢిల్లీ లెక్క. లెక్కలో తప్పులేదు, ఊహలో తప్పింది. రెండవది నితీశ్ కుమార్ రెడ్డి. విశాఖపట్నం కుర్రవాడు, మన కడపలోని ఆంధ్ర క్రికెట్ సంఘం శిక్షణాలయంలో పెరిగినవాడు. వేలంలో ఇరవై లక్షలకు హైదరాబాదు జట్టుకు వచ్చి, 2024 డిసెంబరులో మెల్బోర్న్ టెస్టులో 114 పరుగులు చేశాడు. కళాశాలా కాదు, క్లబ్బూ కాదు, చదువునూ ఆటనూ ఒకే కప్పు కింద పెట్టిన మూడవ రకం బడి అది.

*

మళ్ళీ ఆత్మకూరు. ఆ రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు మా వాడడిగాడు, "చిన్నాయనా, ఏం చేయమంటావు?" అని.

పైన వ్రాసినదంతా వాడికి చెప్పలేదు. చెప్పి ఉంటే నిద్రపోయేవాడు. ఒక్కటి మాత్రం అన్నాను. ఎన్నుకునేవాళ్ళ ప్రశ్న వేరు, నీ ప్రశ్న వేరు. ఇద్దరిలో ఎవరు మెరుగన్నది వాళ్ళకు కావాలి. వాళ్ళు తప్పు చేస్తే వచ్చే సంవత్సరం ఇంకొకణ్ణి తీసుకుంటారు. నువ్వు తప్పు చేస్తే నీకు ఇంకొక ఇరవయ్యో ఏడు రాదు. కనుక నువ్వు అడగవలసినవి మూడు. రోజుకు ఎంతసేపు కోర్టులో ఉంటావు? నీకు నేర్పేవాడెవడు? మోకాలు విరిగితే మరుసటి నెల నీ అన్నం ఎవరు పెడతారు?

వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మూడోది వాళ్ళు కాయితంలో రాయలేదు చిన్నాయనా" అన్నాడు.

"రాసిమ్మని అడుగు రా అబ్బోడా. అడిగితే తప్పేముంది?"

అడిగాడట. ఈ టపా వ్రాసే నాటికి అటునుంచి జవాబు రాలేదు. వాడు ఈలోగా పరీక్ష ఫీజు కట్టాడు, సాయంకాలాలు ఎడమ చేత్తో బంతి కొట్టడం సాధన చేస్తున్నాడని మా అన్న ఫోనులో చెప్పాడు. ఎడమ చెయ్యి సంగతి నేనెప్పుడు చెప్పానో నాకు గుర్తులేదు. బహుశా నిద్రపోలేదేమో.

మీ ఊళ్ళలోనూ ఇట్లా పోలీసు జట్టులోనో, రైల్వే జట్టులోనో, కళాశాల జట్టులోనో ఆడి మిగిలిన పెద్దలు ఉండే ఉంటారు. వాళ్ళు ఏ బాటన వచ్చారో, ఆ బాట చివర వాళ్ళకు ఏం మిగిలిందో కనుక్కుని వ్రాయండి మిత్రులారా. మా వాడికి చదివి వినిపిస్తాను.